ట్రామాకు థెరపిస్టును వెతుక్కోవడం: ఏం అడగాలి, ఏ జవాబు దగ్గర ఆగాలి

నంబరు ఫోన్‌లో సేవ్ చేసే ఉంటుంది. నమ్మకస్తులెవరో ఇచ్చిన నంబరే. రెండు నెలలైనా దానికి కాల్ వెళ్లదు. ఈ వారం పని ఎక్కువ, వచ్చే వారం చూద్దాం. వచ్చే వారం ఒంట్లో బాగోదు. ఇంట్లోవాళ్లకు ఇది బద్ధకంలా కనిపిస్తుంది, ఒక్కోసారి ఆ మనిషికే అలా అనిపిస్తుంది. కానీ ఇది జబ్బే చేయిస్తున్న పని. ట్రామా అంటే మనసును గాయపరిచే ఘటన; దాని తర్వాత మిగిలిపోయే జబ్బు పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్). దాని ప్రధాన లక్షణాల్లో ఒకటి తప్పించుకు తిరగడం. జరిగినదాన్ని గుర్తుచేసే చోటు, మనిషి, మాట, వాసన ఏదైనా సరే, దాని దరిదాపులకు పోకుండా బతుకును మలుచుకోవడం. థెరపిస్టుకు ఫోన్ చేయడమంటే ఆ సంగతిని ఎదురుగా పెట్టుకోవడానికి ఒప్పుకోవడమే. కాబట్టి అన్నిటికన్నా ముందు తప్పించుకునేది ఆ ఫోన్ నుంచే.

ఈ ఒక్కటి గుర్తుంటే వెతకడంలో చాలా చిక్కులు విడిపోతాయి. ఎందుకంటే తప్పించుకోవడం ఫోన్ దగ్గరే ఆగదు. ఎవరిని ఎంచుకుంటారో, మూడో సెషన్ తర్వాత ఎందుకు మానేస్తారో, ఏడాదిపాటు వెళ్లినా మార్పు ఎందుకు రాదో, చాలాసార్లు వీటి వెనక ఉండేదీ అదే. ఒక్కోసారి థెరపిస్టు కూడా మీతోపాటు కలిసి తప్పించుకు తిరుగుతుంటారు. వారం వారం వెళ్లడం, ఆ వారం ఆఫీసులో ఏమైంది, ఇంట్లో ఏమైంది చెప్పుకోవడం, మనసు తేలికపడి తిరిగి రావడం. అసలు సంగతి మాత్రం గదిలో ఒక మూల అలాగే కూర్చుని ఉంటుంది. ఆ గంట హాయిగానే ఉంటుంది, పీడకలలు మాత్రం తగ్గవు.

ముందు, ఇది పీటీఎస్‌డీయేనా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం దాదాపు 70 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మనసును గాయపరిచే ఘటనను ఎదుర్కొంటారు. వాళ్లలో పీటీఎస్‌డీ దాకా వెళ్లేది 5.6 శాతం. అంటే ఎక్కువమంది ఏ థెరపీ లేకుండానే తేరుకుంటారు. మొదటి కొన్ని వారాలు నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకు ఉలిక్కిపడటం, అదే దృశ్యం కళ్ల ముందు తిరగడం మామూలే. నెల దాటినా అవి తగ్గక, పనికీ బంధాలకూ అడ్డొస్తుంటేనే పీటీఎస్‌డీ అనే మాట వస్తుంది. మొదటి నెలలో, 3 రోజులు దాటాక కనిపించే తీవ్రమైన స్థితికి అక్యూట్ స్ట్రెస్ డిజార్డర్ అని వేరే పేరుంది.

ఈ మొదటి రోజుల్లోనే ఒక పొరపాటు జరుగుతుంటుంది. ఘోరం జరిగిన రెండు మూడు రోజుల్లో అందరినీ కూర్చోబెట్టి, ఏం చూశారో ఏం అనిపించిందో ఒకే సిట్టింగ్‌లో బయటికి చెప్పించడం. డీబ్రీఫింగ్ అనే ఈ పద్ధతి ఒకప్పుడు చాలా వాడుకలో ఉండేది. పరీక్షించి చూస్తే పీటీఎస్‌డీని ఆపలేదు, కొన్ని పరిశోధనల్లో కొందరికి ఎదురు కీడు చేసినట్టే కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ రెండూ దాన్ని వద్దనే అంటాయి. ఆ రోజుల్లో కావలసింది భద్రత, నిద్ర, తిండి, పక్కన ఒక మనిషి. చెప్పాలనిపిస్తే చెప్పనివ్వాలి, లేదంటే ఊరుకోవాలి.

పీటీఎస్‌డీ అనే పేరు అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ రోగనిర్ధారణ గ్రంథంలోకి 1980లో ఎక్కింది. 2013 నాటి ఐదో కూర్పులో 20 లక్షణాలు నాలుగు గుంపులుగా ఉన్నాయి. ఒకటి, పిలవకుండా వచ్చే జ్ఞాపకాలు, పీడకలలు, అదంతా మళ్లీ జరుగుతున్నట్టే అనిపించే ఫ్లాష్‌బ్యాక్‌లు. రెండు, తప్పించుకోవడం. మూడు, ఆలోచనల్లోనూ భావాల్లోనూ వచ్చే చెడు మార్పు: తప్పంతా నాదే అనుకోవడం, ఎవరినీ నమ్మలేకపోవడం, ప్రేమా సంతోషం అందకుండా మొద్దుబారిపోవడం. నాలుగు, ఒళ్లంతా ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టుండటం: ఉలికిపాటు, చిరాకు, నిద్రలేమి. మూడో గుంపును ఇంట్లోవాళ్లు సాధారణంగా పసిగట్టరు. "ఈ మధ్య మారిపోయాడు, ముభావంగా ఉంటున్నాడు" అని ఊరుకుంటారు.

చిన్నతనంలో ఏళ్ల తరబడి హింస, బందీగా ఉండటం, ఇంట్లో ఎడతెగని కొట్లాట లాంటివి పడినవాళ్లలో ఇంకో రూపం ఉంటుంది. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ, ఐసీడీ-11, దీన్ని కాంప్లెక్స్ పీటీఎస్‌డీ అని విడిగా గుర్తించింది. పీటీఎస్‌డీ లక్షణాలకు తోడు భావోద్వేగాలు అదుపులో లేకపోవడం, తనమీద తనకే లోతైన ఏహ్యభావం, బంధాలు నిలబెట్టుకోలేకపోవడం ఉంటాయి. మీది ఇదే అయితే థెరపిస్టుతో మొదటే చెప్పడం మంచిది. ఒక్క ప్రమాదానికి సరిపోయే 12 సెషన్ల లెక్క ఇక్కడ సరిపోకపోవచ్చు.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష పీసీఎల్-5. 20 ప్రశ్నలు, గడిచిన నెలలో ఒక్కో లక్షణం ఎంత బాధపెట్టిందో 0 నుంచి 4 వరకు మార్కు. మొత్తం 80. సుమారు 31 నుంచి 33 దాటితే నిపుణులకు చూపించాల్సిన స్థాయి. ఇది రోగనిర్ధారణ కాదు, థర్మామీటర్ లాంటిది. పూరించి, తేదీ వేసి, కాగితం దాచుకోండి. ముందుముందు దానితో చాలా పనుంది.

ఒక హెచ్చరిక. "ట్రామా" అనే మాట ఇప్పుడు బాధాకరమైన ప్రతిదానికీ అతుకుతోంది. ప్రేమ విఫలం కావడం, ఉద్యోగం పోవడం, నలుగురిలో అవమానం ఇవి మనిషిని కుంగదీస్తాయి, కాదనలేం. కానీ రోగనిర్ధారణ నియమాల్లో పీటీఎస్‌డీకి ప్రాణభయం, తీవ్ర గాయం, లైంగిక హింస లాంటి ఘటన ఉండాలి. అది స్వయంగా పడినదైనా, కళ్లారా చూసినదైనా, అయినవాళ్లకు జరిగిందని తెలిసినదైనా, ఉద్యోగరీత్యా పదేపదే ఎదురైనదైనా కావచ్చు. అలాంటిది లేకపోతే మీ బాధకు డిప్రెషన్ లేదా యాంగ్జైటీ చికిత్స బాగా పనిచేయవచ్చు. తప్పు పేరుతో వెళ్తే తప్పు చికిత్స దొరుకుతుంది.

బోర్డు మీద పేరు, చేతిలో పని

సైకియాట్రిస్ట్ మందులు రాసే డాక్టర్. క్లినికల్ సైకాలజిస్ట్ పరీక్షలు, థెరపీ చేస్తారు. కౌన్సెలర్లు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు కూడా థెరపీ చేయవచ్చు. ఏ డిగ్రీకి ఏ లైసెన్స్ అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. లైసెన్స్ నంబరు అడిగి రిజిస్టర్‌లో చూసుకోవడం తప్పనిసరి పని, అయిదు నిమిషాలు కూడా పట్టదు. కానీ ట్రామా విషయంలో డిగ్రీ కన్నా తేల్చుకోవాల్సింది మరొకటుంది. రుజువైన పద్ధతుల్లో ఒకదానిలోనైనా వీళ్లకు శిక్షణ ఉందా?

మాటల్లో ఒక తేడా గమనించండి. "ట్రామా ఇన్‌ఫార్మ్‌డ్" అంటే గాయపడిన మనిషితో ఎలా మెలగాలో తెలుసని అర్థం. పళ్ల డాక్టర్ కూడా ట్రామా ఇన్‌ఫార్మ్‌డ్ కావచ్చు, అయితే మంచిదే. "ట్రామా ఫోకస్డ్" అంటే ఆ జ్ఞాపకం మీద, దాని చుట్టూ అల్లుకున్న నమ్మకాల మీద నేరుగా పనిచేసే చికిత్స. మీకు కావలసింది రెండోది. ప్రొఫైల్‌లో డిప్రెషన్, దాంపత్యం, పిల్లల చదువు, బరువు తగ్గడం, ట్రామా అని ఇరవై పేర్లు వరసగా ఉంటే అది నైపుణ్యాల జాబితా కాదు, హోటల్ మెనూ.

మందుల సంగతి క్లుప్తంగా. సెర్ట్రలిన్, పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ అనే డిప్రెషన్ మందులు పీటీఎస్‌డీలో కొంత మేలు చేస్తాయి. అమెరికా సైనికుల ఆరోగ్య విభాగాలు 2023లో విడుదల చేసిన మార్గదర్శకాలు మందులకన్నా ట్రామా ఫోకస్డ్ థెరపీకే ముందు పీట వేశాయి. థెరపిస్ట్ దొరకనిచోట, డిప్రెషన్ తీవ్రంగా ఉన్నప్పుడు మందులు అక్కరకొస్తాయి. ఆల్ప్రజోలమ్, క్లోనజెపామ్ లాంటి, ఆందోళన తగ్గించే బెంజోడయజెపైన్ మాత్రలను మాత్రం పీటీఎస్‌డీకి వద్దనే ఆ మార్గదర్శకాలు చెబుతాయి. అలవాటు పడే ప్రమాదం అలా ఉంచితే, భయాన్ని మాత్రతో ఆపేస్తే ఆ భయం దానంతటదే దిగుతుందని నేర్చుకునే అవకాశం పోతుంది. ఇప్పటికే వాడుతున్నవాళ్లు హఠాత్తుగా ఆపకూడదు, ఫిట్స్ రావచ్చు. డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

మూడు పేర్లు గుర్తుంచుకుంటే చాలు

పెద్దవాళ్లలో ఎక్కువ రుజువున్న పద్ధతులు మూడు: ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ, ఈఎండీఆర్. అదే 2023 మార్గదర్శకాలు బలంగా సిఫారసు చేసింది కూడా వీటినే.

ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్‌ను రూపొందించింది సైకాలజిస్ట్ ఎడ్నా ఫోవా. సాధారణంగా 8 నుంచి 15 సెషన్లు, ఒక్కోటి 90 నిమిషాలు. రెండు పనులుంటాయి. మొదటిది, కళ్లు మూసుకుని జరిగినదాన్ని ఇప్పుడే జరుగుతున్నట్టు, "కారు మలుపు తిరుగుతోంది, ఎదురుగా లైట్లు కనిపిస్తున్నాయి" అన్నట్టు వర్తమానంలో చెప్పడం. అయిపోగానే మళ్లీ మొదటి నుంచి. ఇలా అరగంట, ముప్పావు గంట. మధ్యమధ్యలో థెరపిస్ట్ "ఇప్పుడు ఎంత?" అని అడుగుతారు. బాధ స్థాయిని 0 నుంచి 100 మధ్య చెప్పాలి. అలా చెప్పినదాని రికార్డింగ్ ఇంటికి తీసుకెళ్లి రోజూ వినాలి.

రెండోది, తప్పించుకుంటున్న చోట్లకు మెట్టు మెట్టుగా వెళ్లడం. రోడ్డు ప్రమాదమే అనుకుందాం. ఆగి ఉన్న కారులో పక్క సీట్లో కూర్చోవడం బాధ స్థాయిలో 30, పగటిపూట ఖాళీ రోడ్డు మీద నడపడం 50, ప్రమాదం జరిగిన కూడలి దాటడం 85. కింది మెట్టుతో మొదలుపెట్టి, అక్కడే అరగంటో ముప్పావు గంటో ఉంటారు. పని చెడేదీ ఇక్కడే. భయం శిఖరానికి చేరిన క్షణంలో దిగి వచ్చేస్తే, పారిపోయాను కాబట్టి బతికాను అని మెదడు రాసుకుంటుంది. అది మందు కాకుండా విషమవుతుంది. చిన్న మెట్టు ఎంచుకుని చివరిదాకా ఉండటం, పెద్ద మెట్టెక్కి మధ్యలో దిగిపోవడం కన్నా వెయ్యి రెట్లు మేలు.

కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ సైకాలజిస్ట్ ప్యాట్రీషియా రెసిక్, ఆమె సహచరులు రూపొందించినది. మామూలుగా 12 సెషన్లు. ఇక్కడ పని జ్ఞాపకం మీద కన్నా ఆ జ్ఞాపకానికి మీరిచ్చుకున్న అర్థం మీద. మొదట ఒక పేజీ రాయమంటారు: అది ఎందుకు జరిగిందని అనుకుంటున్నారు, దానివల్ల మీ గురించి, మనుషుల గురించి, లోకం గురించి మీ నమ్మకాలు ఎలా మారాయి. అందులోంచి చిక్కుముళ్లలాంటి వాక్యాలు ఏరుతారు. "నేను అరిచి ఉంటే వాడు ఆగేవాడు" అన్నది అలాంటి వాక్యం. దాన్ని వర్క్‌షీట్ మీద పెట్టి ప్రశ్నిస్తారు. ఆ క్షణాన మీకు తెలిసిందెంత, ఇప్పుడు తెలిసిందెంత? ఆలోచించడానికి ఎన్ని సెకన్లున్నాయి? ఒళ్లు బిగుసుకుపోవడం మీరు ఎంచుకున్నదా, దానంతటదే జరిగిందా? అరిస్తే ఆగేవాడన్న దానికి ఆధారమేంటి? కొన్ని వారాలకు ఆ వాక్యం మారుతుంది: "నా ఒళ్లు బిగుసుకుపోయింది, గొంతు రాలేదు. చేసింది వాడు." థెరపిస్ట్ "నీ తప్పేం లేదమ్మా" అని వందసార్లు ఓదార్చినా జరగనిది, మనిషి తన చేత్తో కాగితం మీద తేల్చుకున్నప్పుడు జరుగుతుంది. ఘటనను పూసగుచ్చినట్టు చెప్పాల్సిన అవసరం ఇందులో లేదు. నోటితో చెప్పలేనని బెంగపడి వెనకాడేవాళ్లు ముందు అడగాల్సింది దీని గురించే.

ఈఎండీఆర్ సైకాలజిస్ట్ ఫ్రాన్సీన్ షపీరో 1987లో మొదలుపెట్టినది. ఎనిమిది దశలుంటాయి. జ్ఞాపకాన్ని మనసులో నిలుపుకుని, థెరపిస్ట్ వేళ్ల కదలికను కళ్లతో అటూ ఇటూ అనుసరిస్తారు. కొందరు చేతుల మీద తట్టడం, చెవుల్లో శబ్దం వాడతారు. ప్రతి విడతా సుమారు అర నిమిషం. ఆపి, "ఏం వచ్చింది?" అని అడుగుతారు. ఎక్కువ మాట్లాడక్కర్లేదు, హోంవర్క్ తక్కువ. కళ్ల కదలిక నిజంగా అంత ముఖ్యమా, లేక జ్ఞాపకాన్ని ఎదుర్కోవడమే పనిచేస్తోందా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. రోగికి ఆ వాదన అంత ముఖ్యం కాదు. పద్ధతి పనిచేస్తుంది. ముఖ్యమైనది శిక్షణ. ఈఎండీఆర్ అంతర్జాతీయ సంఘం గుర్తించే ప్రాథమిక శిక్షణలో 20 గంటల పాఠం, 20 గంటల సాధన, 10 గంటల కన్సల్టేషన్, అంటే తమ కేసులను సీనియర్లతో చర్చించడం, ఉంటాయి. వీడియోలు చూసి వేళ్లాడించేవాళ్లూ ఉన్నారు.

యుద్ధం, వలస లాంటి వరస దెబ్బలు తిన్నవాళ్లకు నెరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ ఉంది. నేలమీద తాడు పరిచి, మంచి రోజులకు పువ్వులు, చెడ్డ రోజులకు రాళ్లు పెట్టి జీవితాన్ని మొదటి నుంచి చెప్పిస్తారు. పిల్లలకైతే తల్లిదండ్రులను కూడా కలుపుకుని చేసే ట్రామా ఫోకస్డ్ సీబీటీ (ఆలోచనల మీద, అలవాట్ల మీద పనిచేసే థెరపీ). పెద్దల పద్ధతిని పిల్లల మీద యథాతథంగా ప్రయోగించకూడదు.

మూడింటిలో ఏది? ఫలితాల్లో తేడా తక్కువ. రాయడం ఇష్టముంటే రెండోది, మాట్లాడటమే కష్టమైతే మూడోది, బతుకు కుంచించుకుపోయి ఇల్లు కదలలేని స్థితి ఉంటే మొదటిది అని స్థూలంగా అనుకోవచ్చు. అసలు నిర్ణయం మాత్రం అందుబాటులో ఎవరున్నారు, దేన్ని చివరిదాకా కొనసాగించగలరు అన్న రెండింటి మీదే జరుగుతుంది.

ఫోన్ కాల్

ముగ్గురి పేర్లు రాసుకోండి, పదిమందివి వద్దు. జాబితా పెంచుకుంటూ పోవడం కూడా తప్పించుకోవడమే. డయల్ చేయడానికి చెయ్యి రాకపోతే మెసేజ్ పంపండి, లేదా దగ్గరివాళ్లతో డయల్ చేయించి ఫోన్ అందుకోండి. జరిగిందంతా చెప్పక్కర్లేదు. ఇంత చాలు: "రెండేళ్ల కిందట జరిగిన ఒక ఘటన తర్వాత పీటీఎస్‌డీ లక్షణాలున్నాయి. పీసీఎల్-5లో 46 వచ్చింది. దానికి చికిత్స కోసం చూస్తున్నాను. వివరాలు ఫోన్‌లో చెప్పదలుచుకోలేదు. మిమ్మల్ని నాలుగు ప్రశ్నలు అడగవచ్చా?"

ఆ నాలుగు ఇవి. పీటీఎస్‌డీకి మీరు ఏ పద్ధతి వాడతారు? అందులో శిక్షణ ఎక్కడ, ఎలా తీసుకున్నారు, ఆ తర్వాత సీనియర్ల పర్యవేక్షణలో కేసులు చూశారా? సుమారు ఎన్ని సెషన్లు పడుతుంది, ఎన్నో సెషన్ నుంచి ఘటన మీద పని మొదలవుతుంది? బాగవుతున్నానో లేదో ఎలా కొలుస్తారు?

"ముందు ఒకటి రెండు సెషన్లు వివరంగా పరీక్షిస్తాను. పీటీఎస్‌డీయే అయితే కాగ్నిటివ్ ప్రాసెసింగ్ చేస్తాను, 12 సెషన్లు, రెండు వారాలకోసారి పీసీఎల్ నింపిస్తాను. మూడు రోజుల వర్క్‌షాప్ తర్వాత ఆర్నెల్లు కన్సల్టేషన్‌లో ఉన్నాను." ఇలాంటి జవాబు వస్తే పెన్ను తీసి అపాయింట్‌మెంట్ రాసుకోవచ్చు. "నేను ఒక పద్ధతికి కట్టుబడను, మనిషిని బట్టి అన్నీ కలిపి వాడతాను" అంటే ఇంకో ప్రశ్న వేయండి: "అన్నీ అంటే ఏవి, గత నెలలో ఒక పీటీఎస్‌డీ కేసులో వరసగా ఏం చేశారు, పేర్లు వద్దు." పని తెలిసినవాళ్లు వెంటనే చెప్పగలరు. "ముందు మీరు రండి, మాట్లాడుకుందాం, అన్నీ సర్దుకుంటాయి" అన్నది దయగల మాటే. జవాబు మాత్రం కాదు. ప్రశ్నలకు చిరాకుపడితే ఆ నంబరు కొట్టేయండి. పైగా, గొంతు మెత్తగా ఉన్న మనిషి దగ్గరికే మనసు లాగుతుంది. మెత్తదనం అవసరమే, కానీ అది మాత్రమే కనిపించి, మీ మనసు "వీళ్లు నన్ను ఇబ్బంది పెట్టరు" అని గుసగుసలాడుతుంటే, ఆ గుసగుస ఎవరిదో ఒక్క క్షణం ఆలోచించండి.

కొన్ని మాటలు వింటే అక్కడే ఆపేయాలి. ఒకటి రెండు సెషన్లలో పూర్తిగా నయం చేస్తామనే హామీ. "మీకు గుర్తులేదు గానీ చిన్నప్పుడు ఏదో జరిగే ఉంటుంది, హిప్నాసిస్‌తో బయటికి తీద్దాం" అనడం: ఇలా తవ్వితే జరగనివి కూడా జ్ఞాపకాలుగా తయారయ్యే ప్రమాదముంది. చేసినవాళ్లను క్షమిస్తేనే నయమవుతుందని షరతు పెట్టడం. ఇక శారీరక, లైంగిక చనువు ఏ రూపంలో ఉన్నా, దానికి ఏ సిద్ధాంతం చెప్పినా, అది థెరపీ కాదు, వృత్తి నియమాల ప్రకారం నేరుగా ఫిర్యాదు చేయదగ్గ విషయం.

మద్యం, మత్తు అలవాటు ఉంటే "ముందు అది మానేసి రండి" అని వెనక్కి పంపే థెరపిస్టులు ఇంకా ఉన్నారు. ఆ ఒక్క కారణంతో పీటీఎస్‌డీ చికిత్సను నిరాకరించకూడదని నైస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. చాలామంది తాగేదే పీడకలలను నొక్కిపెట్టడానికి. అలవాటును దాచకుండా చెప్పి, రెంటినీ కలిపి చూసేవాళ్లను వెతకాలి. ఆత్మహత్య ఆలోచన ప్రణాళిక దాకా వెళ్లి ఉంటే మాత్రం ఈ వెతుకులాటంతా పక్కన పెట్టి, నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి, ఒంటరిగా ఉండకూడదు. హింస ఇప్పటికీ నడుస్తున్న ఇంట్లో ఉన్నవాళ్లకు మొదటి పని భద్రత ప్రణాళిక. థెరపిస్ట్ దాని గురించి అడగకపోతే అది లోపమే.

మొదటి నెల

మొదటి సెషన్‌లోనే జరిగినదంతా చెప్పమని ఒత్తిడి చేయకూడదు. ఏం జరిగిందో ఒకటి రెండు వాక్యాల్లో తెలిస్తే వాళ్లకు సరిపోతుంది. లక్షణాలు, నిద్ర, మందులు, పాత చికిత్సలు, ఇంటి పరిస్థితి అడుగుతారు. పీటీఎస్‌డీ ఎలా పనిచేస్తుందో, తాము చేయబోయేది ఎందుకు పనిచేస్తుందో మీకు అర్థమయ్యేలా వివరిస్తారు. ఈ వివరణ లేకుండా మొదలుపెట్టిన ఎక్స్‌పోజర్ మనిషికి శిక్షలా అనిపిస్తుంది, రెండోసారి రారు.

మరో చివర, సన్నద్ధత పేరుతో ఎడతెగని కాలయాపన. మనసును ఇప్పటి క్షణానికి తెచ్చుకునే గ్రౌండింగ్, ఊపిరి అభ్యాసాలు, రిలాక్సేషన్ కొన్ని వారాలు చేయడంలో తప్పు లేదు. మనిషి కూర్చున్నచోటే స్పృహ తప్పినట్టు అయిపోతుంటే, తన్ను తాను గాయపరుచుకుంటుంటే ఇంకొంచెం ఎక్కువ అవసరం కావచ్చు. కానీ ఆరు నెలలైనా "మీరింకా సిద్ధంగా లేరు" అంటుంటే, సిద్ధంగా లేనిది ఎవరో అడగాల్సిందే. ఏ గుర్తులు కనిపిస్తే సిద్ధమైనట్టు, ఏ తేదీన మళ్లీ చూద్దాం? ఈ రెంటికీ జవాబుండాలి.

ఘటన మీద పని మొదలైన ఒకటి రెండు వారాలు కొందరికి పీడకలలు పెరుగుతాయి, చిరాకు ఎక్కువవుతుంది. "ఊరకున్నంత ఉత్తమం లేదు, పాత పుండు ఎందుకు కెలికించుకున్నాం" అనిపిస్తుంది. ఈ మలుపులో మానేసేవాళ్లుంటారు. దీన్ని ముందే ఊహించి ఏర్పాటు చేసుకోండి. సెషన్ తర్వాత కనీసం గంటసేపు ఏ పనీ పెట్టుకోవద్దు, వీలైతే వెంటనే బండి నడపొద్దు. ఇంట్లో ఒకరికైనా "రెండు మూడు వారాలు ఇలా ఉంటాను, మానేస్తానంటే ఒప్పుకోకండి" అని చెప్పి ఉంచండి. ఇంకా గట్టి ఉపాయం, మానాలనిపించినా ఇంకొక్క సెషన్‌కు వెళ్లి ఆ మాట అక్కడే చెబుతానని మొదటి రోజే థెరపిస్టుకు మాటివ్వడం. అయితే కొద్దిపాటి పెరుగుదల వేరు, నాలుగైదు వారాలైనా దిగకుండా పనీ నిద్రా పూర్తిగా చెడటం వేరు. రెండోదైతే వేగం తగ్గించాలి, లేదా పద్ధతి మార్చాలి. ఓర్చుకోమని చెప్పడం సరికాదు.

కాగితం మీది అంకె

మొదట దాచుకున్న పీసీఎల్-5 కాగితం ఇప్పుడు తీయండి. రెండు వారాలకోసారి నింపుతూ పోతే, 10 పాయింట్లో అంతకన్నా ఎక్కువో తగ్గడం నిజమైన మెరుగుదల కింద లెక్క. అంకె ఎందుకంటే, మనసు తన పాత స్థితిని సరిగా గుర్తుపెట్టుకోదు. 52 నుంచి 34కు దిగిన మనిషి కూడా ఆ రోజు నిద్ర పట్టకపోతే "ఏం మారలేదు" అంటాడు. అటుపక్క, థెరపిస్ట్ అంటే గౌరవం, వాళ్లు నొచ్చుకుంటారేమోనన్న మొహమాటం వల్ల "బాగానే ఉంది" అనే వాళ్లూ ఉన్నారు. అంకెకు మొహమాటం లేదు.

ఆరేడు సెషన్లు ఘటన మీద నిజంగా పనిచేసినా అంకె కదలకపోతే, మొదట చూడాల్సింది హోంవర్క్. రికార్డింగ్ వింటున్నారా, వింటూ ఫోన్ చూసుకుంటున్నారా? అన్నిటికన్నా బాధించే ముక్కను ప్రతిసారీ దాటేస్తున్నారా? చెబుతున్న ఘటన అసలైనదేనా, లేక అసలుదాన్ని దాచి తేలికదాన్ని ముందు పెట్టారా? ఇవి తప్పుపట్టే ప్రశ్నలు కావు, జబ్బు ఎక్కడ దాక్కుందో వెతికే ప్రశ్నలు. అవన్నీ సరిగా ఉన్నా మార్పు లేకపోతే పద్ధతి మార్చమని అడగవచ్చు. ఒకటి పనిచేయనివాళ్లకు మరొకటి పనిచేయడం కొత్తేమీ కాదు.

వీడియోలో చేసే థెరపీ గురించి అనుమానాలు ఎక్కువే ఉన్నాయిగానీ, ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్, కాగ్నిటివ్ ప్రాసెసింగ్ రెండూ వీడియో ద్వారా చేసినా ఎదురుగా కూర్చుని చేసినదానికి దీటైన ఫలితాలే వచ్చాయి. దగ్గర్లో శిక్షణ ఉన్నవాళ్లు లేనిచోట ఇది పెద్ద ఊరట. తలుపు గడియ పెట్టుకోగల గది, ఇయర్‌ఫోన్స్, కాల్ తెగితే తిరిగి చేయాల్సిన నంబరు ఉండాలి. ప్రతి సెషన్ మొదట్లో "ఇప్పుడు ఎక్కడున్నారు, దగ్గర్లో ఎవరున్నారు" అని థెరపిస్ట్ అడిగితే అది ఆరా కాదు, అత్యవసరమైతే సాయం ఎక్కడికి పంపాలో తెలియడానికి. హింస పెట్టే మనిషి అదే ఇంట్లో ఉంటే మాత్రం వీడియో వద్దు.

థెరపిస్టును మార్చాల్సి వస్తే కనిపించకుండా పోవద్దు. "నాకు ఇది పనిచేయడం లేదు, వేరే పద్ధతి ప్రయత్నించాలనుకుంటున్నాను, నా ఫైల్ సారాంశం ఇస్తారా, మీకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా" అంటే చాలు. మంచి థెరపిస్ట్ దీనికి నొచ్చుకోరు. కొత్తవాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక్క పేజీ పట్టుకెళ్లండి: ఏ పద్ధతి, ఎన్ని సెషన్లు, తేదీలతో పీసీఎల్ అంకెలు, వాడిన మందులు, ఏ ముక్క దగ్గర ప్రతిసారీ ఆగిపోయారు. ఆ చివరి లైను రాయడానికి రెండు రోజులు పట్టవచ్చు. రాయలేకపోతే "ఒక ముక్క ఉంది, ఇంకా చెప్పలేదు" అని రాసినా, కొత్త థెరపిస్టుకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.